విశ్వవిద్యాలయములందుఁ బద్యబోధన : రీతిసమన్వయ విమర్శనము

విశ్వవిద్యాలయములందుఁ బద్యకావ్యము నెట్లు బోధింపవలెనను విషయమున నేఁడు రెండుపక్షములు గలవు. ఉపాధ్యాయుఁడు వేదికపై నిలిచి వ్యాఖ్యానించుటయు, విద్యార్థులు మాటాడక విని వ్రాసికొనుటయుఁ బ్రాఁతపద్ధతి యనియు, విద్యార్థులే చదివి, తమలోఁ దాము చర్చించి యర్థమును సాధించుకొనుట క్రొత్తపద్ధతి యనియు, మొదటిది విడిచి రెండవది గ్రహింపవలెననియు నొకపక్షమువారు చెప్పుదురు. పద్యము చదువను, పదము విఱువను, అన్వయము కుదుర్పను రాని విద్యార్థికిఁ జర్చ యెక్కడిదని రెండవపక్షమువారు ప్రత్యుత్తర మిత్తురు. మొదటివారికి "విద్యార్థికేంద్రబోధన" మంత్రమైనది. రెండవవారికి నది యపహాసవిషయమైనది. ఈవివాదమున నుభయులును మఱచుచున్న యంశ మొకటి కలదు. ఒక్కొక్క బోధనరీతికి నొక్కొక్క ప్రయోజనము గలదు. ఏరీతి యేప్రయోజనమునకు సాధనమగునో నిర్ణయించిన పిమ్మటనే త్యాగగ్రహణములు విచార్యములు. ఆనిర్ణయము లేక పలురీతులను జేర్చినచో నది కలగూరగంప యగును. ఒక్కరీతినే పట్టుకొన్నచో గానుగెద్దు నడక యగును.

ముందుగా "విద్యార్థికేంద్రము" అను పదమునకే యర్థనిశ్చయము కావలసి యున్నది. ఇది మూఁడర్థములలో వాడఁబడుచున్నది. విద్యార్థికిఁ బ్రియమైన తీరుననే చెప్పవలె ననుట యొకటి. తరగతిలో విద్యార్థియే పనిచేయవలె ననుట రెండవది. తరగతి ముగిసినపిమ్మట విద్యార్థియందు నిలిచిన జ్ఞానమే బోధకు గీటురా యనుట మూఁడవది. వీనిలో మొదటి యర్థము నిలువదు. కఠోపనిషత్తు శ్రేయస్సునకును బ్రేయస్సునకును జెప్పిన భేద మిచ్చటఁ జక్కఁగా వర్తించును. ఇటీవలి పరిశోధనయు దీనికే సాక్ష్యము. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రవిద్యార్థులను రెండుభాగములు చేసి, యొకే విషయమును ఒకభాగమునకుఁ జక్కని యుపన్యాసముగాను, వేఱొకభాగమునకు విద్యార్థులే సమస్యలను విడఁదీయు తీరునను బోధించి చూచిరి. 2019లోఁ బ్రకటింపఁబడిన ఫలితము గమనింపఁదగినది. పరీక్షింపఁగా రెండవతీరున నేర్చినవారే యెక్కువ నేర్చిరని తేలినది. తామెంత నేర్చితిమని యడుగఁగా నుపన్యాసము విన్నవారే తాము హెచ్చుగా నేర్చితిమని తలఁచిరి. ధారాళమైన ప్రసంగమును వినుచున్నంతసేపు సర్వము తెలిసినట్లుండును. తడఁబడుచు వెదకుకొనుచున్నంతసేపు ఏమియుఁ దెలియనట్లుండును. కావున విద్యార్థిసంతోషముతో బోధను గొలుచువాఁడు కొలమానమునే తప్పుగాఁ బట్టినవాఁడగును. తరగతిలో విద్యార్థి పనిచేయుటయు, నది వానియందు జ్ఞానము నిలుచుటకు సాధనమగునంతవఱకే గ్రాహ్యము. ఊరక సందడిగా నుండు తరగతి విద్యార్థికేంద్రము కానేరదు.

ఉపన్యాసమునకుఁ బ్రతికూలముగాఁ జూపఁబడు ప్రమాణములలో 2014లో వెలువడిన యొక సమీక్ష ముఖ్యమైనది. విజ్ఞానశాస్త్ర, యంత్రశాస్త్ర, గణితవిషయములందు జరిగిన 225 పరిశోధనలను గుదిగూర్చి చూడఁగా, ఉపన్యాసమే ప్రధానమైన తరగతులలో నూటికి 33.8 మంది తప్పిపోవుచుండఁగా, విద్యార్థులు పనిచేయు తరగతులలో నూటికి 21.8 మంది మాత్రమే తప్పిరని యందుఁ దేలినది. భాషాధ్యాపకులు త్రోసిపుచ్చఁదగిన లెక్క కాదిది. అట్లని యున్నదున్నట్లు తమ విషయమునకు నన్వయించుకొనఁదగినదియుఁ గాదు. ఆపరిశోధనలు పద్యకావ్యబోధనను గూర్చినవి కావు. భౌతికశాస్త్రమున సమస్య తెలిసిన భాషలో నుండును. ప్రాచీనపద్యమున భాషయే మొదటిసమస్య. మఱియు 2006లోఁ గిర్ష్నరు, స్వెల్లరు, క్లార్కు అను మువ్వురు విద్వాంసులు దీనికెదురుపక్షమును బ్రబలముగా స్థాపించిరి. విషయమునకుఁ బూర్తిగాఁ గ్రొత్తవాఁడైన విద్యార్థిని మార్గదర్శనము లేక వదలినచో వాని మనశ్శక్తి వెదకుకొనుటయందే వ్యయమై, నేర్చుకొనుటకు మిగులదనియు, బరిచయము హెచ్చినకొలఁది మార్గదర్శనావశ్యకత తగ్గుననియు వారి వాదము.

పైరెండును బరస్పరవిరుద్ధములుగాఁ గనుపించును గాని నిజమునకు విరుద్ధములు కావు. మన శాస్త్రకారులు మంద, మధ్యమ, ఉత్తమాధికారులని చెప్పిన భేదమే యిందుఁ గలదు. ప్రథమసంవత్సర విద్యార్థికి నన్వయము చెప్పక చర్చింపుమనుట యెంత యనుచితమో, పరిశోధనార్థియై వచ్చినవానికిఁ బ్రతిపదార్థము వ్రాయించుట యంత యనుచితము. అధికారి మాఱినపుడు రీతి మాఱవలెను. ఒకేవిద్యార్థి వ్యాకరణమున మందాధికారియు, రసగ్రహణమున నుత్తమాధికారియుఁ గావచ్చును. అపుడొక్కతరగతిలోనే రీతి మాఱవలసి యుండును. సమన్వయమునకు నిదియే మూలకారణము.

ప్రాఁతపద్ధతి యనఁగా నొకరు చెప్పుట, పలువురు వినుట యను తలంపు చరిత్రకు సరిపడదు. విద్యలో నొకపాలు గురువువలనను, నొకపాలు స్వబుద్ధివలనను, నొకపాలు సహాధ్యాయులవలనను, నొకపాలు కాలక్రమమునను లభించునని పెద్దలు చెప్పినమాట పండితులెల్ల రెఱిఁగినదే. ఇందు గురువునకు నాల్గవవంతే విధింపఁబడినది. వ్యాఖ్యానమునకుఁ జెప్పఁబడిన యైదులక్షణములలోఁ బదవిభాగము, పదార్థకథనము, విగ్రహము, వాక్యయోజన యను నాలుగును గురువు చేయఁదగినవి. ఆక్షేపసమాధానమను నైదవది శిష్యుఁడు నోరు తెఱవక పూర్ణము కాదు. మీమాంసకుల యధికరణము విషయముతో నారంభించి, సంశయము పుట్టించి, పూర్వపక్షమును నిలువఁబెట్టి, పిమ్మటనే సిద్ధాంతమునకు వచ్చును. సిద్ధాంతమును ముందే చెప్పివేసి సంశయమునకుఁ దావియ్యని బోధన యీసంప్రదాయమునకు వెలియైనది. పాశ్చాత్యదేశములందును మధ్యయుగ విశ్వవిద్యాలయములలో గ్రంథపఠనవ్యాఖ్యానమును, వాదమును రెండును జోడుగా నడచినవి. నేఁడు సెమినారనఁబడు గోష్ఠియు 18వ శతాబ్దియందు జర్మనీలోని గొట్టింగెన్, హాలె విశ్వవిద్యాలయములలోఁ బ్రాచీనభాషాసాహిత్యముల యధ్యయనమునుండియే పుట్టినది. ప్రాచీనగ్రంథముల నొక్కొక్క వాక్యముగాఁ బరిశీలించుటకై యేర్పడిన పద్ధతి యది.

మఱి యేకముఖోపన్యాసము మనకెట్లు వచ్చినది? 1857లో మదరాసు, కలకత్తా, బొంబాయి విశ్వవిద్యాలయములు లండను విశ్వవిద్యాలయమును మాదిరిగాఁ గొని ప్రధానముగాఁ బరీక్షాధికారసంస్థలుగా స్థాపింపఁబడినవి. విశ్వవిద్యాలయములు స్వయముగా బోధింప నవకాశ మిచ్చిన శాసనము 1904లోఁ గాని రాలేదు. బోధించువారు వేఱు, పరీక్షించువారు వేఱు అగుటచేఁ గళాశాలాధ్యాపకుఁడు ప్రశ్నపత్రము నూహించి, జవాబులను జెప్పి వ్రాయించువాఁ డయ్యెను. గురుముఖమునఁ బాఠము వినుట యనుదాని స్థానమున "నోట్సు" వ్రాసికొనుట నెలకొన్నది. ఈలోపమును 1948-49 నాఁటి విశ్వవిద్యాలయ విద్యాసంఘము గుర్తించెను. 1931 మొదలు 1936 వఱకు నాంధ్రవిశ్వవిద్యాలయమున కుపాధ్యక్షుఁడై యుండిన సర్వేపల్లి రాధాకృష్ణపండితుఁ డాసంఘమున కధ్యక్షుఁడు. ఉపన్యాసములకుఁ దోడు చిన్నచిన్న గుంపులకుఁ బ్రత్యేకబోధనయు, గ్రంథాలయాధ్యయనమును, వ్రాఁతపనియు నుండవలెనని యాసంఘము సూచించినది. అనఁగా రీతిసమన్వయము నేఁడు పుట్టిన మాట కాదు. ఏడుపదులు దాఁటిన యేండ్లుగా నాచరణకు నోఁచుకొనని మాట.

సిద్ధాంత మెంత చెప్పినను నుదాహరణము లేక నిలువదు. నన్నయభట్టారకుని యాదిపర్వమందలి శకుంతలోపాఖ్యానమున నొక చంపకమాల కలదు. దుష్యంతుఁడు తన్నెఱుఁగననఁగా సభలో శకుంతల సత్యమహిమను జెప్పు పద్య మది. నూఱునూతులకంటె నొకబావియు, నూఱుబావులకంటె నొకక్రతువును, నూఱుక్రతువులకంటె నొకకొడుకును, నూర్గురుకొడుకులకంటె నొకసత్యవాక్యమును మేలనుట దాని భావక్రమము. మిక్కిలి ప్రసిద్ధమైన పద్యమగుటచేఁ బలువురకుఁ గంఠస్థమై యుండును. కంఠస్థమైనంతమాత్రమున నవగతమైనదని చెప్పరాదనుటకు నిదియే నిదర్శనము.

ఇందు మొదటి చిక్కు నూయి, బావి యను పదములది. నేఁటి విద్యార్థి కివి పర్యాయపదములు. పర్యాయములే యైనచో నూఱింటికంటె నొకటి యెట్లు మేలగును? సంస్కృతమూలమునఁ గూపమునకును వాపికిని భేదము చెప్పఁబడినది. కూపము చేఁదతోఁ దోడుకొనవలసిన నూయి. వాపి మెట్లమీఁదుగా దిగి నీరు ముట్టఁదగిన దిగుడుబావి. చేఁద లేని బాటసారికిని దిగుడుబావి దప్పి తీర్చును. ఈ భేదము తెలిసినఁగాని పద్యమందలి తారతమ్యపరంపరకు మొదటిమెట్టు నిలువదు. విద్యార్థులు గుంపులుగాఁ గూర్చుండి యెంతసేపు చర్చించినను నీజ్ఞానము పుట్టదు. నిఘంటువో, మూలమో, గురువో చెప్పవలెను. గురువు చెప్పిన నొక్కవాక్యముతోఁ దీరును. అట్టిచోటఁ జర్చ పెట్టుట కాలహరణము.

రెండవ చిక్కు చెవికి సంబంధించినది. ఈపద్యమున "సత్యము వ్రతముగాఁ గలవాఁడా" యను నర్థము నిచ్చు సంబోధన మొకటి కలదు. ఆసమాసము పూర్వపదము మొదటిపాదము చివరను, ఉత్తరపదము రెండవపాదము మొదటను బడినవి. పాదాంతమున నిలిపి చదువు నలవాటుగల విద్యార్థి దానిని రెండుముక్కలుగా విని, రెండవముక్కను ముందున్న బావికి విశేషణముగాఁ దలఁచును. బావి కావ్రత మెట్లు కలిగెనని మాత్ర మడుగఁడు. ఇది యుపన్యాసముతోఁ దీరునది కాదు, చర్చతోఁ దీరునదియుఁ గాదు. ఉపాధ్యాయుఁడు పద్యమును రెండుమాఱులు చదువవలెను: ఒకమాఱు పాదములను బట్టి, వేఱొకమాఱు నన్వయమును బట్టి. పిమ్మట విద్యార్థులచేతను నట్లే చదివింపవలెను. పద్యపఠనము నేఁడు విశ్వవిద్యాలయతరగతులలో నలంకారప్రాయముగా నెంచఁబడుచున్నది; నిజమునకు నది యన్వయబోధకుఁ బ్రథమసాధనము. చదువుటలోనే సంబోధనము విడివడి తెలిసినచో వ్యాఖ్యానము సగము ముగిసినట్లే.

మూఁడవ చిక్కు ధ్వనికి సంబంధించినది. అసత్యమాడుచున్న రాజునే సత్యవ్రతుఁడా యని పిలుచుటలోఁ గవి యభిప్రాయమేమి? ఇది యెత్తిపొడుపా, వేఁడికోలా, మఱచిన ధర్మమును దలఁపునకుఁ దెచ్చుటయా? మూలశ్లోకమున నీసంబోధనము లేదు, నన్నయ కూర్చినది. ఇచ్చట గురువు తన సిద్ధాంతమును ముందే చెప్పెనేని విద్యార్థి "ఇది వ్యంగ్యము" అని వ్రాసికొని యూరకుండును. ఆపద్యము వానికి నంతటితో ముగియును. ఇచ్చటనే చర్చకుఁ దావు. ప్రతివిద్యార్థియు మొదట తన యభిప్రాయమును వ్రాసి, దానికిఁ గథనుండి యాధారమును జూపవలెను. అశరీరవాణి పలికినపిమ్మట రాజు తాను శకుంతల నెఱిఁగియు లోకాపవాదమునకు వెఱచి యెఱుఁగననినట్లు చెప్పును గదా. లోన నెఱిఁగినవాఁడు గావున నాసంబోధనము వాని యంతఃకరణమును దాఁకుచున్నదని యొకఁడు చెప్పవచ్చును. సభలోనివారు వినుచుండుటచే నది నిందయే యని వేఱొకఁడు చెప్పవచ్చును. ఇరువురును గ్రంథమును దెఱచి చూడవలసినవారగుదురు. ఆచూచుటయే యీచర్చకు ఫలము.

నాలుగవది కథాసంవిధానమునకు సంబంధించినది. కాళిదాసు నాటకమున దుర్వాసశ్శాపమువలన రాజు నిజముగానే మఱచినవాఁడు. అట్టిరాజును గూర్చి యీసంబోధనమును బ్రయోగించిన నది యన్యాయమగును. మహాభారతకథలో శాపమును లేదు, ఉంగరమును లేదు. రాజు మఱపు వంచన. ఒక్క సంబోధనము రెండుకావ్యముల పాత్రచిత్రణభేదమును వెల్లడించుచున్నది. ఇది గంటసేపటి తరగతిలోఁ దేలునది కాదు. విద్యార్థి గ్రంథాలయమునకుఁ బోయి రెండింటిని జదివి, వ్యాసముగా వ్రాసి, గోష్ఠిలో వినిపించి, యాక్షేపములకు సమాధానము చెప్పవలసినది. ఒక్కపద్యమున నాలుగు చిక్కులును, నాలిగింటికి నాలుగు రీతులును గనుపించినవి. వీనిలో నేయొక్కరీతిని బట్టుకొన్నను దక్కిన మూఁడుచిక్కులు తీరకయే యుండును.

సాహిత్యబోధనలో నీవిధమైన కూర్పునకుఁ బాశ్చాత్యుల యత్నములు రెండు పరిశీలింపఁదగినవి. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఐ. ఏ. రిచర్డ్సు పండితుఁడు కవినామము తొలఁగించిన పద్యములను విద్యార్థుల కిచ్చి, వారి యభిప్రాయములను వ్రాయించి తీసికొని, యావ్రాఁతలనే యాధారముగాఁ జేసికొని యుపన్యసించుచుండెను. ఆయనుభవఫలముగా 1929లోఁ "బ్రాక్టికల్ క్రిటిసిజమ్" అను గ్రంథము వెలువడినది. విద్యావంతులైన పాఠకులును బద్యముయొక్క వాచ్యార్థమునే గ్రహింపలేకపోవుటయు, ముందే యేర్పడియున్న భావములను బద్యముపై మోపుటయు నందు బయలుపడినవి. ఈపద్ధతి గుణము స్పష్టము. ఇందు విద్యార్థి ముందుగాఁ బనిచేయును. గురువు పిమ్మట మాటాడును. గురువు మాటలు విద్యార్థియందు నిజముగా నున్న సందేహమునకే సమాధానములగును. అడుగని ప్రశ్నకు జవాబు చెప్పుటయే సామాన్యోపన్యాసమునకుఁ బెద్దలోపము గదా. కాని యీపద్ధతి మన కావ్యములకుఁ బూర్తిగా నొప్పదు. కవిని, గ్రంథమును, సందర్భమును దొలఁగించినచో శకుంతల పద్యమందలి సంబోధన మెవరిని గూర్చినదో తెలియదు. పద్యము కేవలము నీతిపద్యముగా మిగులును. శతకపద్యమునకుఁ జెల్లిన పద్ధతి యాఖ్యానపద్యమునకుఁ జెల్లదు. కావున ముందుగా వ్రాయించు నంశమును గ్రహించి, సందర్భమును దొలఁగించు నంశమును విడువవలెను.

రెండవది హార్వర్డు విశ్వవిద్యాలయమున ఎరిక్ మజూర్ అను భౌతికశాస్త్రాధ్యాపకుఁడు 1991 ప్రాంతమున నారంభించిన పరస్పరబోధనపద్ధతి. అధ్యాపకుఁ డొక ప్రశ్న వేయును. ప్రతివిద్యార్థియు నొంటిగా జవాబు నిర్ణయించుకొనును. పిమ్మటఁ బ్రక్కవానితో వాదించి మఱల జవాబు చెప్పును. చివర నధ్యాపకుఁడు వివరించును. పెద్దతరగతులలోఁ గూడ సాధ్యమగుట దీని గుణము. అయిన నేకైకసమాధానము గల ప్రశ్నకే యిది చక్కఁగా నుపకరించును. "ఈపదము దేనికి విశేషణము?", "ఈక్రియకుఁ గర్త యెవరు?", "ఇచ్చట విరామ మెక్కడ?" అనునవి యట్టి ప్రశ్నలు. రసవిషయమును, పాత్రౌచిత్యమును నిట్లు చేతులెత్తించి నిర్ణయింపఁబూనినచో నది వోట్ల లెక్క యగును గాని విమర్శనము కాదు.

చర్చాపద్ధతికి మన న్యాయశాస్త్రము ముందే హెచ్చరిక చేసియున్నది. తత్త్వమును దెలిసికొనఁగోరి చేయునది వాదము. గెలుపునకై చేయునది జల్పము. తన పక్షమును స్థాపింపక పరపక్షమును ఖండించుటయే పనిగాఁ గలది వితండ. సరిగాఁ బూనికలేని తరగతిచర్చ జల్పముగాను, వితండగాను మాఱుట తఱచు. నోరుగలవాఁడు గెలుచును, చదివివచ్చిన మితభాషి యోడును. దీనిని నివారించుటకు మూఁడునియమములు చాలును. చర్చకు ముందు ప్రతివాఁడును దన పక్షమును వ్రాసియుండవలెను. చెప్పు ప్రతిమాటకుఁ బద్యమునుండి ప్రమాణము చూపవలెను. తుదకు గురువు మధ్యస్థుఁడై, యేపక్షము నిలిచినదో, యేది నిలువలేదో, యేది సంశయముగా మిగిలినదో చెప్పి ముగింపవలెను. సిద్ధాంతము చెప్పక విడిచిన గురువు విద్యార్థికి స్వాతంత్ర్య మిచ్చినట్లుగాఁ దోఁచును. నిజమునకు వానిని నట్టేట విడిచినవాఁడగును.

ఇఁక సమన్వయస్వరూపము విచార్యము. అలంకారశాస్త్రమున నలంకారములు రెండుతీరులఁ గలియునని చెప్పుదురు. నువ్వులు బియ్యము కలిసినట్లు దేనికది వేఱుగాఁ గనుపించుచుఁ గలియుట సంసృష్టి. పాలు నీరు కలిసినట్లు విడఁదీయరాక కలియుట సంకరము. ఆసంకరమునందును నంగాంగిభావ మను భేద మొకటి కలదు. అందొకయలంకారము ప్రధానమై, తక్కినవి దాని కుపస్కారకములగును. నేఁడు బోధనరీతిసమన్వయ మనుపేర జరుగుచున్నది చాలవఱకు సంసృష్టి మాత్రమే. సోమవార ముపన్యాసము, బుధవారము గోష్ఠి, శుక్రవారము చిత్రప్రదర్శనము. ఒకదానికి వేఱొకదానితో సంబంధము లేదు. కావలసినది యంగాంగిభావము. పాఠమునకుఁ బ్రయోజన మేదో ముందుగా నిర్ణయమై, దానికొక రీతి యంగియై, తక్కినరీతు లంగములై నడువవలెను. పదజ్ఞానము ప్రయోజనమైనపుడు వ్యాఖ్యానము అంగి, చర్చ అంగము. ధ్వనిగ్రహణము ప్రయోజనమైనపుడు చర్చ అంగి, వ్యాఖ్యానము అంగము. ఛందస్సు బోధింపవలసినపుడు పఠనమును, పద్యరచనాభ్యాసమును అంగులు, లక్షణకథనము అంగము.

ఒక ఘట్టమునకు నాలుగుగంటలు దొరికినచో నిట్లు నడపవచ్చును. మొదటిగంట పఠనము, పదవిభాగము, కఠినపదార్థకథనము, ఇది గురువుపాలు. రెండవగంటకు ముందు విద్యార్థులు ఘట్టమును మఱల జదివి, తమకుఁ దోఁచిన సంశయమొకటి వ్రాసి తేవలెను, ఇది స్వబుద్ధిపాలు. ఆగంటలో నిరువురేసి కూర్చుండి యన్వయప్రశ్నలకు జవాబులు కుదుర్చుకొని, పిమ్మట నందఱుఁ గలసి ధ్వనిప్రశ్నమును జర్చింపవలెను, ఇది సహాధ్యాయులపాలు. మూఁడవగంట యిరువురు విద్యార్థుల వ్యాసపఠనమును, నాక్షేపసమాధానములును. నాలుగవగంట వెంటనే యుండరాదు. నెలదినములు గడచినపిమ్మట నుండవలెను. అపుడు గ్రంథము చూడక పద్యమును జదివించి, తాత్పర్యము చెప్పించి, మొదటి యభిప్రాయ మేమైన మాఱినదేమో వ్రాయింపవలెను. కాలమునకుఁ జెందిన నాల్గవపాలు మన పాఠ్యప్రణాళికలలోఁ బూర్తిగా లోపించినది. ఒకమాఱు చెప్పిన ఘట్టమును బరీక్షనాఁటి రాత్రివఱకు మఱలఁ దడవకుండుటయే వాడుక యైనది.

విద్యార్థి భాషనుగూర్చియు నొకమాట చెప్పవలసి యున్నది. 1911లో స్థాపితమైన యాంధ్రసాహిత్యపరిషత్తు గ్రాంథికపక్షమును వహింపఁగా, గిడుగు వేంకటరామమూర్తిపంతులు వ్యావహారికపక్షమును వహించిన వివాదము సుప్రసిద్ధము. ఆవివాదము వచనరచనకు సంబంధించినది. ప్రాచీనకావ్యములను జదువరాదని గిడుగువా రెన్నఁడును జెప్పలేదు. "బాలకవిశరణ్యము", "గద్యచింతామణి" గ్రంథములలో వారు తమవాదమునకుఁ బ్రాచీనగ్రంథములనే సాక్ష్యములుగాఁ జూపిరి. తరగతిచర్చలో విద్యార్థి తన వాడుకభాషలో సంశయమును జెప్పుకొనుటకు నవకాశ మున్నఁగాని సంశయము బయలుపడదు. భాషాదోషము పట్టుకొని సంశయమునే నొక్కివేయుట బోధనకు హానికరము. అయితే నన్నయ తిక్కనల భాష నేఁటి విద్యార్థికి సగము పరభాషయే యైన దనుటయు నిజము. పరభాష నేర్చువానికి మొదట వినుటయుఁ బలుకుటయు నెట్లావశ్యకములో, ప్రాచీనపద్యము నేర్చువానికిని నట్లే యావశ్యకములు.

ఇట్టి సమన్వయమున కాక్షేపములు లేకపోలేదు. తరగతిలో నెనుబదిమంది యున్నపుడు చర్చ యెట్లు సాధ్యమని యొకటి. ఇరువురేసి చేయు చర్చకు సంఖ్య యడ్డు కాదు. వ్యాసపఠనమునకుఁ గాలము చాలకున్న వ్రాఁతప్రతులలోఁ గొన్నింటినే యెన్నుకొని చదివింపవచ్చును. పాఠ్యభాగము ముగియదని రెండవది. ఇది నిజమైన యాక్షేపము. ఈరీతిని నాలుగు ఘట్టములు చెప్పు కాలమున నుపన్యాసరీతిఁ బది చెప్పవచ్చును. కాని ముగించుట యనఁగా నుపాధ్యాయుఁడు చెప్పుట ముగించుటయా, విద్యార్థి నేర్చుట ముగించుటయా? పది ఘట్టముల తాత్పర్యమును వల్లించినవాఁడు పదునొకండవదానిని స్వయముగాఁ జదువలేఁడు. నాలుగింటిని జక్కఁగా సాధించినవాఁ డైదవదానిని జదువఁగలఁడు. పాఠ్యభాగమును గొంత తగ్గించుట యీపక్షమున ననివార్యము. దానిని దాఁచిపెట్టి సమన్వయమును బోధించుట తగదు. గురువునకు గౌరవము తగ్గునని మూఁడవది. ఆక్షేపమునకు సమాధానము చెప్పవలసిన గురువునకు సిద్ధోపన్యాసము చదువు గురువునకంటెఁ బాండిత్య మధికముగాఁ గావలెను. ఎటనుండి యేసంశయము వచ్చునో తెలియని సభలో నిలుచుట యవధానులకుఁ దెలియును.

అన్నింటికంటె బలవత్తరమైన యడ్డంకి పరీక్ష. జాన్ బిగ్సు అను విద్యాశాస్త్రజ్ఞుఁడు 1996లో బోధనప్రయోజనమును, తరగతిపనియు, బరీక్షయు నొకదానితో నొకటి యేకవాక్యతఁ జెందవలెనని ప్రతిపాదించెను. మీమాంసకులకు నిది క్రొత్తమాట కాదు. ఉపక్రమోపసంహారముల యైక్యము తాత్పర్యనిర్ణయమునకు లింగమని వారు చెప్పియుండిరి. ఉపక్రమమున స్వయంబుద్ధి ననియు, నుపసంహారమున వల్లెవేసిన జవాబు ననియుఁ గోరినచో విద్యార్థి యుపసంహారమునే నమ్మును. వాని నమ్మిక తప్పనరాదు. గతసంవత్సర ప్రశ్నలును, అంగడిలో దొరకు జవాబుల పుస్తకములును నుత్తీర్ణతకుఁ జాలునంతకాలము, తరగతిలో నెన్నిరీతులు కలిపినను నవి వేడుకగా మిగులును. పరీక్షలో సగమేని తరగతిలోఁ జదువని పద్యమునకుఁ గేటాయింపఁబడవలెను. నిఘంటువు దగ్గఱ నుంచి, సందర్భము తెలిపి, యన్వయము వ్రాయుమనవలెను; ధ్వనిని నిరూపింపుమనవలెను. పద్యపఠనమునకు మౌఖికపరీక్ష యుండవలెను. అపుడు నిఘంటువు చూచుట యెఱుఁగనివాఁడు జవాబుల పుస్తకముతో గట్టెక్కలేఁడు.

విద్యార్థి స్వశక్తికిఁ దావిచ్చిన ఫల మెట్టిదో తెలుఁగుసాహిత్యమే చెప్పును. మదరాసు క్రైస్తవకళాశాలలోని భాషాభిరంజనీసమాజము 1899లో నడపిన పద్యకావ్యస్పర్ధకై విద్యార్థియైన కట్టమంచి రామలింగారెడ్డి "ముసలమ్మ మరణము" రచించెను. ఆతఁడే 1914లో "కవిత్వతత్త్వవిచారము" ప్రకటించి, పింగళి సూరన కళాపూర్ణోదయమును గ్రొత్తదృష్టితోఁ బరిశీలించి, తరువాతి విమర్శకులకు మార్గదర్శియయ్యెను. ఆవిమర్శనముతోఁ బండితులు పలువురేకీభవింపలేదు. ఏకీభవింపనివారును మఱలఁ గావ్యమును దెఱచి చూడవలసినవారైరి. పరీక్షకు వెలుపల నొకసమాజము విద్యార్థికిఁ గల్పించిన యవకాశము తరగతిలోపలనే యేల కల్పింపరాదు?

ఉపన్యాసము నశింపవలసినది కాదు. సంశయము పుట్టినపిమ్మట వచ్చునదిగా మాఱవలసినది. చర్చ రాజ్య మేలవలసినది కాదు. పదార్థజ్ఞానముపై నిలుచునదిగా నుండవలసినది. పఠనము వేదికలకు వదలఁదగినది కాదు. ఏపద్యమున నేచిక్కు గలదో ముందుగా నెఱిఁగి, యాచిక్కునకుఁ దగిన రీతిని జూపఁగల యధ్యాపకుఁడే యీసమన్వయమునకుఁ బ్రాణము. అట్టివాఁడు కావ్యమును విద్యార్థికంటె ముందు విద్యార్థివలెనే మఱల నొకమాఱు చదివియుండవలెను. పాఠ్యప్రణాళికలను, బరీక్షాపత్రములను నిర్ణయించు సంఘములలోఁ గూర్చుండు విద్వాంసులు శకుంతల పద్యమువంటి యొక్కపద్యమునైన నీరీతిఁ దమ తరగతులలో నడపి చూచి, పిమ్మటఁ ద్యాగగ్రహణములను విచారింతురుగాక.